ఇంటి బడిలో రసాయనశాస్త్రం: పాఠానికి తోడుగా ఏం చేర్చాలి?

పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకొనే తెలుగు కుటుంబాలు బెంగళూరులో మాకు తెలిసినవే కొన్ని ఉన్నాయి. మేము కలుసుకొన్నప్పుడల్లా, డబ్బు పెట్టి కొన్న పాఠ్యక్రమంలో రసాయనశాస్త్రం మరీ పలచగా ఉన్నదని, దానికి తోడుగా ఇంకేమి చేర్చాలని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. మా ఇంట్లో తొమ్మిదేళ్ళ అబ్బాయి, ఆరేళ్ళ అమ్మాయి ఒకే బల్ల దగ్గర కూర్చొని చదువుకొంటారు. వారితో గడిపిన కాలాన్ని బట్టి నాకు ఏర్పడిన అభిప్రాయమేమిటంటే, ప్రయోగాల సంఖ్య పెంచుకోవలసిన అవసరం పెద్దగా లేదు. పాఠం ఏ ప్రయోగాన్ని "అయిపోయింది" అని వదిలేస్తుందో, సరిగ్గా అక్కడే ఇంకొక్క ప్రశ్న వేయగలిగితే చాలు.

తొందరపడవలసిన పని కూడా లేదు. సీబీఎస్ఈ బడుల్లో ఆరో తరగతికి గాని సైన్సు విడి సబ్జెక్టుగా రాదు, పదకొండో తరగతికి గాని అందులోనుంచి రసాయనశాస్త్రం వేరుపడదు. బడికి వెళ్ళకుండానే పరీక్షలు రాయించే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ఎన్‌ఐఓఎస్ ద్వారా పదో తరగతి పరీక్ష రాయాలన్నా 14 ఏళ్ళు నిండాలి. ఇంత వ్యవధి ఉండగా, విదేశాల నుంచి తెప్పించుకొన్న పాఠాలు చాలావరకు మొదటి వారంలోనే పరమాణువులకు రంగులు వేయించి, 118 మూలకాల పట్టికను పాటగా నేర్పించడం నాకు నచ్చదు. దానివల్ల హాని లేదు, పిల్లలు చక్కగానే పాడతారు. కాని నీటికి సంకేతం చెప్పగలిగిన పిల్లవాడే కాగుతున్న నీళ్ళలో పైకి వచ్చే బుడగల్లో ఉన్నది నీటి ఆవిరి కాదు, గాలి అని ధీమాగా చెబుతాడు. సంకేతం ఎప్పుడైనా నేర్చుకోవచ్చు. ఆ బుడగల సంగతి మాత్రం పొయ్యి దగ్గర పెద్దవారి పక్కన నిలబడి చూసినప్పుడే తేలుతుంది.

ఆమ్లాలు, క్షారాల పాఠం తీసుకొందాం. మా పుస్తకం ఎర్ర క్యాబేజీ తెమ్మన్నది. మా అత్తయ్య దానిని చూసి, హారతికి ఎర్రనీళ్ళు కలిపే ఇంట్లో క్యాబేజీ దేనికని, పసుపు నీళ్ళలో చిటికెడు సున్నం వేసి చూపించారు. పసుపు ఎర్రగా మారింది, నిమ్మరసం పిండగానే మళ్ళీ పసుపుపచ్చగా తిరిగింది. పాఠమైతే ఇక్కడితో ముగుస్తుంది. పిల్లలను అడగవలసిన ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది: పసుపు నీళ్ళలో మంచినీళ్ళు కలిపినా రంగు మారలేదు, నిమ్మరసం కలిపినా మారలేదు, అలాగైతే ఆ రెండూ ఒకటేనా? నాలుక ఒకటి కాదంటున్నది. అంటే పసుపు క్షారాన్ని పట్టిస్తుందే తప్ప, పుల్లనిదానికీ నీటికీ తేడా చెప్పలేదు. అప్పుడు శంఖపుష్పం రేకులను వేడినీళ్ళలో నానబెట్టాము. ఆ నీలి నీరు నిమ్మరసానికి ఊదారంగులోకి, బట్టల సోడాకు పచ్చరంగులోకి మారింది, మంచినీళ్ళకు నీలంగానే ఉండిపోయింది. పసుపు చెప్పలేనిదాన్ని ఇంకొక పువ్వు చెప్పిందన్న మాట. ఒక పరీక్ష ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో ఆరేళ్ళ పిల్లకు కూడా ఈ విధంగా అర్థమయింది.

కొవ్వొత్తి ప్రయోగం ఇంతకంటె ఆసక్తికరమైనది, ఎందుకంటే అందులో పుస్తకాలు చెప్పే కారణమే చాలాసార్లు తప్పు. పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, పైన గాజుగ్లాసు బోర్లిస్తే దీపం ఆరిపోయి నీరు గ్లాసులోకి ఎక్కుతుంది. గాలిలో ఐదోవంతు ఆక్సిజన్ ఉన్నదని, అది కాలిపోయిన మేరకు నీరు పైకి వచ్చిందని వివరణ. వినడానికి ఎంతో బాగుంది. దానిని నమ్మే ముందు ఒక కొవ్వొత్తికి బదులు మూడు వెలిగించి, అదే గ్లాసును బోర్లించి చూడండి. గ్లాసులోని ఆక్సిజన్ పెరగలేదు, కాని నీరు మునుపటికంటె ఎత్తుకు వస్తుంది. ఇంకా దగ్గరగా చూస్తే, గ్లాసు దించుతున్నప్పుడు అంచు కింద నుంచి బుడగలు తప్పించుకొని పోతాయి. దీపం వెలుగుతున్నంతసేపు పెద్దగా కదలని నీరు, అది ఆరిన తరువాతనే ఒక్కసారిగా పైకి లేస్తుంది. మంట వేడికి వ్యాకోచించిన గాలి కొంత బయటికి పోయి, మిగిలినది చల్లబడి కుంచించుకుపోవడమే ఇందులో ప్రధానమైన కారణం. మా అబ్బాయి బుడగలను చూసి "వేడికి గాలి బయటికి పోయింది" అన్నాడు. అంతకుమించి నేను చెప్పవలసింది మిగలలేదు.

కొవ్వొత్తి ఒక్కదాని మీదే ఎన్ని రోజులైనా గడపవచ్చు. 1860 డిసెంబరు చివరి నుంచి 1861 జనవరి దాకా లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో శాస్త్రవేత్త మైకేల్ ఫారడే పిల్లల కోసం ఇచ్చిన ఆరు ఉపన్యాసాలకూ విషయం కొవ్వొత్తే. మంటను ఊది, పైకి లేచే తెల్లని పొగకు వత్తికి కాస్త ఎగువన అగ్గిపుల్ల చూపిస్తే మంట పొగ వెంబడి కిందికి దూకి వత్తిని అందుకొంటుంది. మండుతున్నది వత్తి కాదని, ఆవిరైన మైనమని దానితో తెలుస్తుంది. అగ్గిపుల్ల మాత్రం పెద్దవారి చేతిలోనే ఉండాలి.

బెంగళూరులో ఉన్నవారికి అన్నిటికంటె మంచి పాఠం కుళాయిలోనే ఉన్నది. ఒకే ఇంటికి సుమారు 100 కిలోమీటర్ల నుంచి వచ్చే కావేరి నీళ్ళు, ఇంటి బోరు నీళ్ళు, వేసవిలో ట్యాంకరు నీళ్ళు, వంటింట్లో ఆర్‌ఓ నీళ్ళు, అదృష్టం ఉంటే డాబా మీద పట్టిన వాన నీళ్ళు ఉంటాయి. బోరు నీళ్ళతో తలంటుకొంటే నురగ రాదని ఇక్కడ ప్రతి ఇల్లాలికీ తెలుసు. అయితే ఎంత రాదు? ఒకేరకం సీసాలలో ఒక్కొక్క నీటినీ 100 మిల్లీలీటర్ల చొప్పున పోసి, స్నానం సబ్బును తురిమి ఆర్‌ఓ నీటిలో కరిగించిన ద్రవాన్ని, మందుసీసాతో వచ్చే డ్రాపరుతో చుక్కలు చుక్కలుగా వేస్తూ, మూతపెట్టి గిలకరించి, నురగ ఒక నిమిషం పాటు నిలిచేదాకా చుక్కలు లెక్కపెట్టాలి. బట్టల పొడి, గిన్నెల ద్రవం ఇందుకు పనికిరావు, ఎందుకంటే అవి బోరు నీటి వంటి గట్టి నీటిలోనూ (సబ్బు సరిగా నురగనివ్వని నీటిలోనూ) నురగనిస్తాయి. వాన నీటికి కొద్ది చుక్కలు చాలాయి. బోరు నీటికి లెక్క పెరుగుతూనే పోయింది, పైగా సీసా గోడలకు పెరుగు విరిగినట్లు తెల్లని తరకలు అంటుకొన్నాయి. సబ్బు ముందు నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలతో కలిసి ఆ తరకలుగా మారి వృథా అయిన తరువాతనే నురగ మొదలవుతుంది.

ఇక ఇంకొక్క ప్రశ్న: ఆ నీటినే మరిగించి చల్లార్చి, అడుగున తేరినదాన్ని వదిలి పైనీటిని పరీక్షిస్తే? చుక్కల లెక్క తగ్గింది గాని వాన నీటి దాకా దిగలేదు. మరిగించినప్పుడు బైకార్బొనేట్లుగా ఉన్న భాగం సున్నపురాయిగా విడిపోతుంది, సల్ఫేటు వంటి రూపాలలో ఉన్నది నీటిలోనే మిగిలిపోతుంది. గీజరులోనూ, నీళ్ళు కాచే గిన్నెలోనూ పట్టే తెల్లని పెచ్చు ఆ విడిపోయినదే. పెచ్చు గీకి వెనిగర్ పోస్తే బుస్సుమని పొంగుతుంది. తరువాత మా అబ్బాయి ఆర్‌ఓ నీటిలో చిటికెడు ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేటు) కలిపి, తానే గట్టి నీటిని తయారుచేసి, తిరిగి చుక్కలు లెక్కపెట్టాడు. ఇది మా పుస్తకంలో లేని అడుగు, వాడికి దానంతట అదే తోచింది.

తూకం గురించి కొంచెం హెచ్చరించాలి. వంటసోడా, వెనిగర్ కలిసినప్పుడు బరువు ఎక్కడికీ పోదని చూపడానికి, సీసా మూతికి రబ్బరు బుడగ (బెలూన్) తొడిగి తూచమని చాలా పాఠాలు చెబుతాయి. ఐదు గ్రాముల సోడాతో అలా చేస్తే కాటా మీద బరువు ఒకటిన్నర గ్రాము దాకా తగ్గి కనిపిస్తుంది, పిల్లవాడు "పోయింది" అంటాడు. వాడు చూసినది నిజమే. ఉబ్బిన బుడగ తన చుట్టూ ఉన్న గాలిని పక్కకు తోస్తుంది. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్ళో లీటరు గాలి ఒక గ్రాము పైచిలుకు తూగుతుంది, కాబట్టి చుట్టూ ఉన్న గాలి ఆ రబ్బరు బుడగను ఆ మేరకు పైకి ఎత్తుతున్నది. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా ఉబ్బదు. అందులో 50 మిల్లీలీటర్ల వెనిగర్ పోసి, రెండు గ్రాముల సోడాను కాగితంలో పొట్లం కట్టి, మూతతో సహా అన్నీ తూచి, పొట్లం లోపల వేసి వెంటనే మూత బిగించాలి. నగలు తూచే చిన్న కాటా ఉంటే అంకె మారకపోవడం స్పష్టంగా కనిపిస్తుంది. మూత మెల్లగా తిప్పగానే గాలి బుస్సుమంటుంది, అప్పుడు అర గ్రాముకు పైగా తగ్గుతుంది. సోడా రెండు గ్రాములకు మించకూడదు, గాజుసీసా అసలే కూడదు, మూత బిగించేదీ తీసేదీ పెద్దవారే.

చేర్చకూడనివి కూడా ఉన్నాయి. తాంబూలపు సున్నం కంటిలో పడితే చూపే పోవచ్చు, అందుకని మా ఇంట్లో దానిని కలిపేది అత్తయ్య మాత్రమే, కళ్ళద్దాలు లేనిదే పిల్లలు దగ్గరికి రారు. కర్పూరం మింగితే విషం. మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు) స్ఫటికాలు ఎంత అందంగా ఉన్నా చిన్నపిల్లలకు వద్దు. గ్రంథిగె అంగడిలో (పూజాద్రవ్యాలు, మూలికలు అమ్మే కొట్టులో) దొరికే పటికతో అంతకంటె పెద్ద స్ఫటికాలు పెంచవచ్చు. మరుగుదొడ్డి ఆసిడ్‌ను, బ్లీచింగ్ పౌడరును ఎన్నడూ కలపకూడదు, క్లోరిన్ వెలువడుతుంది.

నోటుపుస్తకంలో మేము పెట్టుకొన్న నియమం ఒక్కటే: ఏమి జరుగుతుందని అనుకొంటున్నారో ప్రయోగానికి ముందే పెన్నుతో రాయాలి, తరువాత దిద్దకూడదు. అంకెలు, పట్టికలు అన్న పని. చెల్లెలు రంగు బొమ్మలు వేస్తుంది, నురగ నిలవవలసిన నిమిషం చూసే బాధ్యత తనదే. వారానికి ఒక మధ్యాహ్నం దీనికి కేటాయించాము, ఒక్కొక్క విషయం మీద నెల దాటినా కదలమని తొందరపెట్టము. ప్రస్తుతం సీసాలు ఖాళీగానే ఉన్నాయి. ట్యాంకరు వచ్చే కాలం మొదలైతే ఒక్కొక్క ట్యాంకరు నీటికీ చుక్కలు లెక్కపెట్టాలని ఇద్దరూ ఖాళీ పట్టిక గీసి ఉంచారు.