బిక్కవోలు గోడ దగ్గర క్లాసు

నిన్న నా ట్యూషన్ పిల్లలు నలుగుర్నీ పాత గుళ్ళు చూపిద్దామని బిక్కవోలు తీసుకెళ్ళా. బరోడాలో ఆర్ట్ హిస్టరీ ఎం.ఏ. చేసి పీహెచ్‌డీ చేస్తున్నానంటే మా అమలాపురంలో ఇప్పటికీ "డ్రాయింగ్ టీచరా అమ్మా?" అనే అడుగుతారు, బొమ్మలు వెయ్యడం కాదండీ చదవడం అని చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇప్పుడు ఆయ్ అనేస్తున్నా.

స్లైడ్లలో తూర్పు చాళుక్యులు, తొమ్మిది-పది శతాబ్దాలు అని ఎన్నిసార్లు చెప్పినా ఆవలింతలే. అక్కడ గుడి గోడ గూటి పైన మకర తోరణం, అంటే మొసలిలాంటి మకరాలు చెక్కిన కమాను, చూడగానే ఒకమ్మాయి "మేడం, ఇది మొసలైతే తొండం ఎందుకుందీ?" అంది. అంతే, గంటన్నర అక్కడే, ఎండలో, తోక తీగలా ఎలా చుట్టుకుందో నోట్‌బుక్‌లో గీసుకుంటూ.

తిరుగుదారిలో రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీ కూడా చూపించా. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయాడు పాపం, ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర చెయ్యి పట్టుకుంటే బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్ దాకా వెళ్ళాడు. నాకు దొర ఎవరూ దొరకలేదు లెండి, నాన్న కొబ్బరి దింపు డబ్బులే, ఫెలోషిప్ ఆగిపోయాక ఈ ట్యూషన్ ఫీజులు. మొదట్లో సిగ్గుగా ఉండేది, ఇంత చదివి ట్యూషన్లా అని.

రాత్రి థీసిస్ తెరిచి మకరం మీద నేను రాసిన పేరా చూస్కున్నా. నాలుగు ఫుట్‌నోట్లున్నాయి గానీ తొండం సంగతే లేదు.