చిన్న తరగతుల పిల్లలు, తెరలు, చెప్పుకొనే అలవాటు

ఇంగ్లండ్‌లో ఇన్ఫెంట్ స్కూల్ అంటే నాలుగేళ్లు నిండిన పిల్లలు రిసెప్షన్ తరగతిలో చేరి, ఇయర్ వన్, ఇయర్ టూ పూర్తిచేసుకొని, ఏడేళ్ల వయసులో జూనియర్ స్కూలుకు వెళ్లేదాకా చదువుకొనే చిన్న బడి. అలాంటి బడిలో సహాయక ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్న నన్ను తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే మాట ఒకటుంది: "మా పాప ట్యాబ్‌లో ఏం పెడితే భద్రంగా ఉంటుందండీ?" ఆ ఆదుర్దా నాకు అర్థమవుతుంది. చెడ్డ విషయాలను అడ్డుకొనే వడపోత సాధనాలు, వయసు పరిమితులు అవసరమే, వాటిని తప్పక పెట్టుకోవాలి. అయినా ఈ వయసు పిల్లల విషయంలో అంతకన్నా ముందు అడగవలసింది మరొకటి ఉందని నా నమ్మకం. తెర మీద ఏదో చూసి బెదిరిపోయినప్పుడు, ఆ పాప ఎవరి దగ్గరికి వెళ్లి చెబుతుంది?

బ్రిటన్‌లో ప్రసార, సమాచార రంగాలను నియంత్రించే ఆఫ్‌కామ్ 2024లో ప్రకటించిన వివరాల ప్రకారం 5 నుంచి 7 ఏళ్ల పిల్లల్లో 24 శాతం మందికి సొంత స్మార్ట్‌ఫోన్ ఉంది, 76 శాతం మంది ట్యాబ్లెట్ వాడుతున్నారు, 38 శాతం మంది ఏదో ఒక సోషల్ మీడియాలో ఉన్నారు. ఆ వేదికల్లో చాలావాటికి కనీస వయసు 13 ఏళ్లు. అంటే అమ్మ ఖాతాలోనో, అన్నయ్య ఫోన్‌లోనో, తప్పు పుట్టిన తేదీతోనో పిల్లలు లోపలికి వెళ్లిపోతున్నారన్న మాట. ఇన్ని దారులు తెరచి ఉన్నప్పుడు ఒక్క తలుపుకు తాళం వేసి నిశ్చింతగా ఉండలేం.

బడుల వైపు నుంచి నియమాలు స్పష్టంగానే ఉన్నాయి. పిల్లల భద్రతపై ఇంగ్లండ్ విద్యాశాఖ ఏటా సవరించి విడుదల చేసే మార్గదర్శకాలను ప్రతి బడీ పాటించి తీరాలి. ప్రతి బడిలోనూ పిల్లల రక్షణ వ్యవహారాలు చూసే డెజిగ్నేటెడ్ సేఫ్‌గార్డింగ్ లీడ్ అనే బాధ్యులు ఒకరుండాలి. ఆన్‌లైన్ భద్రత, బడి ఇంటర్నెట్‌పై ఉండే వడపోత, పర్యవేక్షణ కూడా వారి బాధ్యతే. ఆన్‌లైన్ ప్రమాదాలను ఈ మార్గదర్శకాలు నాలుగు రకాలుగా చూస్తాయి: కంటబడే విషయం, ఎదురయ్యే మనుషులు, పిల్లల సొంత నడవడి, డబ్బుతో ముడిపడ్డ వ్యాపారం. ఇవి పెద్ద పిల్లలకే వర్తిస్తాయని అనుకోవడం పొరపాటు. కార్టూన్ ముగిశాక తనంతట తానే మొదలైన వీడియోలో భయంకరమైన బొమ్మ కనబడడం మొదటిది. ఆటలో ఎవరో తెలియని గొంతు "నీ పేరేమిటి, ఏ బడి?" అని అడగడం రెండోది. ఏడుస్తున్న స్నేహితుణ్ణి అడగకుండా వీడియో తీయడం మూడోది. ఆటలో మెరిసే పెట్టెను నొక్కితే అమ్మ కార్డు నుంచి డబ్బు పోవడం నాలుగోది. ఐదేళ్ల బిడ్డకు ఈ విభజనతో పని లేదు. తనకు ఏదో బాగాలేదని మాత్రమే ఆ బిడ్డకు తెలుస్తుంది, దాన్ని బయటకు చెప్పే మాటలు చాలాసార్లు ఉండవు.

అందుకే మా తరగతుల్లో ఆన్‌లైన్ భద్రత పాఠం కంప్యూటర్ దగ్గర మొదలుకాదు. ఇంగ్లండ్ పూర్వ ప్రాథమిక పాఠ్యప్రణాళికలోని మూడు ముఖ్య రంగాల్లో వ్యక్తిగత, సామాజిక, భావోద్వేగ వికాసం ఒకటి. కోపం, దిగులు, భయం, సిగ్గు అనే వాటిని గుర్తుపట్టి పేరు పెట్టడం, "నాకిది ఇష్టం లేదు" అని గట్టిగా అనగలగడం, నమ్మకమైన పెద్దవాళ్లెవరో తెలుసుకోవడం ఇక్కడే నేర్పుతారు. బొమ్మను లాక్కున్న తోటిపిల్లవాడితో "వద్దు" అనడం రాని బిడ్డ, ఆటలో ఫొటో పంపమన్న అపరిచితుడితో "వద్దు" అనలేడు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు ఈ భావాల పేర్లు రెండు భాషల్లోనూ తెలిసి ఉండాలని తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెబుతుంటాను. రాత్రి పడుకొనేటప్పుడు అమ్మతో చెప్పుకొనేది ఇంటి భాషలోనే కదా.

బెదిరిన పిల్లలు ఆ సంగతి నేరుగా చెప్పడం అరుదు. ఒంటరిగా టాయిలెట్‌కు వెళ్లనంటారు, ఒకే ఆటను మళ్లీమళ్లీ ఆడతారు, కారణం లేకుండా పక్కపిల్లల్ని తోస్తారు. అటువంటప్పుడు సిబ్బంది ఎలా నడుచుకోవాలో మాకు శిక్షణ ఉంటుంది. "ఎవరైనా నిన్ను భయపెట్టారా?" వంటి ప్రశ్న జవాబును పిల్లల నోట్లో పెట్టేస్తుంది కాబట్టి దాన్ని వాడం. "ఏమైందో చెప్పు", "అది ఎలా ఉందో చెప్పు" అని మాత్రమే అడిగి, ఆగి, వింటాం. "ఎవరికీ చెప్పనులే" అని మాట ఇవ్వం, ఎందుకంటే ఆ మాట నిలబెట్టుకోలేకపోవచ్చు. బిడ్డ అన్న మాటల్ని అన్నవి అన్నట్టే రాసి, ఆలస్యం చేయకుండా సేఫ్‌గార్డింగ్ లీడ్‌కు అందజేస్తాం. ఈ పద్ధతిలో సగభాగం ఇంట్లోనూ పనికొస్తుంది.

పెద్దల కంగారు ఎంత నష్టం చేయగలదో 2019 ఫిబ్రవరిలో బ్రిటన్ అంతటా కనిపించింది. పిల్లల వీడియోల మధ్యలో "మోమో" అనే వికృతమైన ముఖం ప్రత్యక్షమై, తమకు తామే హాని చేసుకొమ్మని పిల్లలను బెదిరిస్తోందని వార్త పుట్టింది. ఆ ముఖం నిజానికి జపాన్‌లో ప్రదర్శించిన ఒక శిల్పానిది. తల్లిదండ్రుల గ్రూపుల్లో హెచ్చరికలు ముంచెత్తాయి, కొన్ని బడులూ ఉత్తరాలు పంపాయి. చివరికి, దానివల్ల పిల్లలకు హాని జరిగిందనడానికి ఆధారాలు లేవని పిల్లల రక్షణకు పాటుపడే ఎన్‌ఎస్‌పీసీసీ, ఆత్మహత్యల నివారణకు పాటుపడే సమారిటన్స్ వంటి సంస్థలు చెప్పవలసి వచ్చింది. ఆ బొమ్మను అప్పటిదాకా చూడని పిల్లలు కూడా పెద్దలు పంచుకొన్న చిత్రాల వల్లే చూసి జడుసుకొన్నారు. 2021లో విద్యాశాఖ ఇటువంటి వదంతులు, సవాళ్ల విషయంలో బడులకు విడిగా సలహాలు ఇచ్చింది. నిజానిజాలు తేల్చుకోకుండా హెచ్చరికలు పంపవద్దన్నది వాటి సారాంశం. గ్రూపులో వచ్చిన హెచ్చరికను పది మందికి పంపే ముందు బడిని ఒక్క మాట అడగండి.

పిల్లలు చెప్పకపోవడానికి అన్నింటికన్నా పెద్ద కారణం చెబితే ట్యాబ్ పోతుందన్న భయమే. చెడ్డ వీడియో చూశానని బిడ్డ ఒప్పుకోగానే మనం పరికరాన్ని లాక్కుంటే, బిడ్డ దృష్టిలో శిక్ష పడింది చూసినందుకు కాదు, చెప్పినందుకు. రెండోసారి ఆ బిడ్డ నోరు విప్పదు. "నాతో చెప్పి మంచి పని చేశావు, ఇద్దరం కలిసి చూద్దాం" అనే మాట ముందు రావాలి. హద్దులు, సమయాలు మార్చడం ఆ తరవాత, మనసులు కుదుటపడ్డాక చేయవచ్చు. అలాగే, పుట్టినరోజు కానుక సంగతి దాచిపెట్టడం వేరు, "ఇది మీ అమ్మకు చెప్పకు" అని ఎవరైనా అనడం వేరు. మొదటిది కొన్నాళ్లకు అందరికీ తెలిసి సంతోషాన్నిస్తుంది. రెండోదాన్ని వెంటనే చెప్పేయాలని నాలుగేళ్ల బిడ్డకూ నేర్పవచ్చు. పిల్లల ఫొటో తీసేముందు, బంధువుల గ్రూపులో పెట్టేముందు వాళ్లను అడగడం కూడా ఇందులో భాగమే. అడిగించుకొన్న అలవాటున్న పిల్లలే, అడగకుండా తీసేవాళ్లను గుర్తుపడతారు. బడి కార్యక్రమాల్లో తీసిన ఫొటోల్లో వేరేవాళ్ల పిల్లలు ఉంటే వాటిని పంచుకోకండి. ఎవరి జాడ ఎవరికి తెలియకూడదో మనకు తెలియదు.

ఇయర్ టూ ముగిసి జూనియర్ స్కూలుకు మారేటప్పుడు, భద్రతకు సంబంధించిన ఫైల్ ఏదైనా ఉంటే కొత్త టర్మ్ మొదలైన ఐదు రోజుల్లోగా అది కొత్త బడికి చేరాలన్నది నియమం. చాలామంది పిల్లలకు అటువంటి ఫైలే ఉండదు. భయం వేస్తే మీ అబ్బాయి మౌనంగా ఉండిపోతాడా, అల్లరి చేస్తాడా, ఇంట్లో ఏ ఆటలు ఆడతాడు, బాధ కలిగితే ముందుగా ఎవరితో చెబుతాడు అనే సంగతులు ఏ కాగితం మీదా ఉండవు. సెప్టెంబరు మొదటి వారంలోనే కొత్త క్లాస్ టీచర్‌ను కలిసి ఆ నాలుగు మాటలు చెప్పండి, ఆ బడిలో సేఫ్‌గార్డింగ్ లీడ్ ఎవరో కూడా అప్పుడే అడిగి తెలుసుకోండి.