ఇంటర్వెల్‌లో స్లైడు

పిన్ని సాయంత్రం ఫోన్ చేసి "నెలకి 12,000 అంటే మరీ ఎక్కువంటావా అమ్మాయ్?" అని అడిగింది. అప్పటినుంచీ అదే బుర్రలో తిరుగుతోంది. ఈయన గుర్రు పెడుతున్నారు. నేనిలా టైపు కొడుతున్నాను.

ఎవడో కుర్రాడు "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం మేడమ్" అని మొదలుపెట్టాడట. నెలకి ఆ 12,000 కడితే, రాజమండ్రిలో మగ్గం వర్క్ అని గూగుల్లో ఎవరు కొట్టినా నెల తిరిగేలోగా పిన్ని షాపే మొదట వస్తుందట. గ్యారంటీ అట. ఆ మాట దగ్గరే నాకు ఒళ్లు మండింది. మొదటి స్థానం ఇప్పిస్తామని ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తన సైట్లోనే రాసిపెట్టింది. ఎస్‌ఈఓ, అంటే సెర్చ్‌లో పైకి కనబడేలా సైటుని సరిదిద్దే పని, పద్ధతిగా చేయించినా ఫలితం కనబడడానికి మామూలుగా 4 నెలల నుంచి ఏడాది పడుతుందనీ అక్కడే ఉంది. గూగుల్ మ్యాపులో షాపు పెట్టుకోవడానికి రూపాయి అక్కర్లేదు, ఆ వరసలో పైకి జరపడానికి డబ్బూ తీసుకోరు. డబ్బు కడితే పైన కనబడేవి ప్రకటనలు. వాటి దగ్గర స్పాన్సర్డ్ అని ఉంటుంది, కట్టడం మానేస్తే మాయమైపోతాయి.

ఇదంతా చెబితే పిన్ని "ఏమోనే, పాపం మర్యాదగా మాట్లాడాడు" అంది. ఏం చెప్పను!

ఆ మాటకొస్తే ఇంతకు ముందు ఈ పని చేసిపెట్టినవాడూ మర్యాదగానే మాట్లాడేవాడు. షాపు వివరాలన్నీ వాడి మెయిల్ ఐడీతో పెట్టాడు. అంటే అద్దె కట్టేది పిన్ని, మ్యాపులో ఓనరు వాడు. ఫొటోలు ఎక్కడివో దించి పెట్టాడు, పిన్ని మగ్గం మీద ఎన్నడూ ఎక్కని జాకెట్లు అవి. వెబ్‌సైట్ అని ఒకటి చేశాడు, చూస్తే పాంఫ్లెట్‌ని స్కాన్ చేసి అతికించిన బొమ్మ. జర్దోసి, కుందన్ వర్క్, అడ్రసు, ఫోన్ నంబరు అన్నీ ఆ బొమ్మలోనే. మనం చదువుకుంటాం, సెర్చ్‌లో దొరకాలంటే మాత్రం అవి టైపు చేసిన అక్షరాలుగా ఉండాలి. పోనీ అదంతా ఓర్చుకుందామనుకున్నా, తాడితోట వైపు షాపు మారాక అడ్రసు మార్చవయ్యా అంటే ఫోన్ ఎత్తడు. ఎత్తితే "ట్రాన్స్‌ఫర్ చార్జీలు" అంటాడు. శ్రావణమాసం సీజన్ అంతా పెళ్లివాళ్లు దానవాయిపేట పాత షాపుకే వెళ్లారు. అక్కడిప్పుడు సెల్‌ఫోన్ రిపేరు కొట్టు. ఆ అబ్బాయి కొన్నాళ్లు ఓపిగ్గా దారి చెప్పాడు, తర్వాత్తర్వాత "తెలీదండీ" అనేశాడు. అతన్ని మాత్రం ఏమంటాం?

చివరికి గూగుల్లోనే ఓనర్‌షిప్ మాకివ్వమని అడిగాం. పాత ఓనరుకి 3 రోజులు గడువిస్తారు, పలక్కపోతే మనం రుజువు చూపించి తీసుకునే దారి ఉంటుంది. వీధి, బోర్డు, లోపల పని జరుగుతున్న మగ్గం అన్నీ కనబడేలా వీడియో తియ్యమన్నారు. ఆ వీడియోకి పిన్ని పట్టుచీర కట్టుకుంది.

బాబాయ్‌కి ఇవేవీ పట్టవు. "పని బాగుంటే జనమే వస్తారమ్మడూ" అంటాడు. ఈ మాట అనేది ఎవరండీ, సినిమా హాల్లో స్లైడు వేయించిన మనిషి! నా చిన్నప్పుడు గాజు పలక మీద షాపు పేరు, పక్కన గులాబీరంగు నెమలి, కింద "రాజీ పడని నాణ్యత" అని రాయించాడు. అది చూడ్డానికి నానమ్మతో సహా ఇంటిల్లిపాదీ సెకండ్ షోకి వెళ్లాం. సినిమా ఏదో గుర్తు లేదు, ఎవరూ చూడనూ లేదు. ఇంటర్వెల్ ఎప్పుడా అనే ధ్యాస. తీరా ఇంటర్వెల్ వచ్చింది, హాల్లో లైట్లన్నీ వెలిగాయి, జనం సోడాలకీ సమోసాలకీ లేచారు. ముందు పళ్లపొడి, తర్వాత నగల కొట్టు, ఆ తర్వాత మా నెమలి. ఆ వెలుతురులో వెలిసిపోయి నెమలో కోడో తెలీకుండా ఉంది. నానమ్మ ఒక్కతే చప్పట్లు కొట్టింది. బాబాయ్ తెర వంక చూడలేదు, లేచి నిలబడి వెనక్కి తిరిగి జనం మొహాలు చూశాడు. అక్కడ మొహాలెక్కడున్నాయి, అన్నీ ఖాళీ కుర్చీలే.

ఒకవేళ అందరూ కూర్చునే ఉన్నా, ఆ రాత్రి జాకెట్టు మీద వర్క్ కావలసినవాళ్లు ఆ హాల్లో ఎందరుండి ఉంటారు? ఫోన్లో దగ్గర్లో మగ్గం వర్క్ అని కొట్టే ఆవిడ సంగతి వేరు. జాకెట్ గుడ్డ ఆవిడ చేతిలో ఉంటుంది, ముహూర్తం నెత్తి మీద ఉంటుంది. డిసెంబరులో అమెరికా నుంచి పెళ్లికని దిగినవాళ్లకి, కొత్తగా ఊరికి బదిలీ అయి వచ్చినవాళ్లకి పక్కింట్లో అడగడానికి కూడా ఎవరూ తెలీదు. హోర్డింగులు పెట్టుకోగల పెద్ద షాపులు సెర్చ్‌లో కనబడకపోయినా బతుకుతాయి. పిన్ని లాంటివాళ్లకి ఇదొక్కటే దారి.

అలాగని బాబాయ్ మాట కొట్టిపారెయ్యడానికీ లేదు. మ్యాపులో ఎవరిని ముందు చూపించాలన్న దానికి గూగుల్ చూసేవి ముఖ్యంగా మూడు. అడిగినదానికి షాపు సరిపోతుందా, ఎంత దూరం, ఎంత పేరుంది. ఆ పేరులో రివ్యూలు కలుస్తాయి. మరి పని బాగుండకపోతే మంచి రివ్యూ ఎవరు రాస్తారు? (రివ్యూలు కూడా కొనిపెడతానన్నాడట మన మర్యాదస్తుడు. దొంగ రివ్యూల బెడద ఎంతదాకా వచ్చిందంటే 2022లో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ దీనికో ప్రమాణమే తెచ్చింది.)

డబ్బు విషయంలోనూ, వద్దని ఖరాఖండీగా చెప్పేద్దామనుకునే కూర్చున్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. పిన్ని పొద్దుటినుంచీ మగ్గం ముందే ఉంటుంది. ఎడమ చెయ్యి గుడ్డ కింద దారం అందిస్తుంటే కుడి చెయ్యి పైనుంచి ఆరీ సూదితో లాగుతుంటుంది. రెండు చేతులూ ఖాళీ లేని మనిషి ఎప్పుడు ఫొటోలు తీస్తుంది, ఎప్పుడు పండగ సెలవులు మార్చుకుంటుంది? ఆ పని చేసిపెట్టే డిగ్రీ పిల్ల ఎవరైనా దొరికితే నెలకి మూడు నాలుగు వేలిచ్చినా దండగ కాదు. మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ మాత్రం పిన్ని దగ్గరే ఉండాలి.

పాస్‌వర్డ్ అంటే గుర్తొచ్చి ఇప్పుడే మ్యాపు తెరిచి చూశాను. ఒకావిడ మూడు స్టార్లిచ్చి "వర్క్ బాగుంది, రెండ్రోజులు లేటు, పార్కింగ్ లేదు" అని రాసింది. దాని కింద ఓనరు జవాబు: "కొలతలు మార్చింది మీరు. కారు మా నెత్తిన పెట్టుకోమంటారా?"

ఇది పిన్ని భాష కాదు. బాబాయ్‌కి ఫోన్ ఎవరిచ్చారో! జవాబు దిద్దుకునే వీలుంది గనక సరిపోయింది, కానీ పిన్ని ఫోన్ స్విచాఫ్.