కొట్టిన పొదే మళ్లీ మళ్లీ కొట్టకుండా: మా సైకిల్ దారితో నా అనుభవం

సైకిల్ దారిని పొదలు ఒక్కరోజులో మింగేయవు, అందుకే ఎవరికీ పట్టదు. ముందు అంచున కాస్త గడ్డి, తర్వాత పక్కకు వాలిన కొమ్మ, ఆ కొమ్మ తగలకుండా అందరూ మధ్యకు జరగడం. ఎదురుగా ఇంకో సైకిల్ వచ్చినప్పుడు గానీ దారి సగం పోయిందని తెలియదు. నేను రోజూ పనికి వెళ్లే దారి అలాగే పోయింది. మెల్లగా సైకిళ్లన్నీ మెయిన్ రోడ్డెక్కేశాయి. "అంత ఖర్చు పెట్టి దారి వేస్తే ఎవరూ తొక్కట్లేదు" అనే మాట కూడా అప్పుడే మొదలైంది. తొక్కేలా ఉంటే కదా!

ఫిర్యాదు పెట్టడం తేలికే, అది పనిచేసేలా పెట్టడమే కష్టం. "పొదలు విపరీతంగా పెరిగాయి, దయచేసి తొలగించగలరు" అని రాస్తే "చర్యలు తీసుకుంటాం" అని జవాబొస్తుంది, ఫిర్యాదు మూసేస్తారు. విపరీతం అనేది మన అభిప్రాయం, దాన్ని ఎవరైనా పక్కన పెట్టేయొచ్చు. కొలతను అలా పక్కన పెట్టలేరు. అందుకని టేపు పట్టుకెళ్లాను. తారు వేసిన వెడల్పు మూడు మీటర్లు, తొక్కడానికి మిగిలింది మీటరు పైన ఇంకాస్త. టేపు కనిపించేలా ఫొటో తీసి, పక్కనున్న దీపస్తంభం నంబరు రాశాను. సైకిల్ మీద కూర్చున్న మనిషికి సుమారు 75 సెంటీమీటర్లు కావాలి. ఎవరూ గీత గీసినట్టు తిన్నగా తొక్కరు కాబట్టి ఆ ఊగుడుతో కలిపి మీటరు. రెండు వైపుల నుంచీ సైకిళ్లు వచ్చిపోయే దారిలో ఇద్దరు ఎదురెదురుగా వస్తే మీటరు చిల్లర ఎవరికీ చాలదు. ఇదే లెక్క ఫిర్యాదులో పెట్టాను. తలపైన రెండున్నర మీటర్ల ఖాళీ ఉండాలని, మలుపులో లోపలి వైపు పొద ఎదుటి మనిషిని కనబడనివ్వట్లేదని కూడా రాశాను. ఈ చివరి మాటకే కదలిక వచ్చింది. గడ్డి పెరిగిందంటే అది శుభ్రత గొడవ, ఎదురుగా వచ్చేవాళ్లు కనబడట్లేదంటే ప్రమాదం. ప్రమాదం అని తెలిసీ కాగితం మీద ఊరుకున్నామనిపించుకోవడం ఏ ఆఫీసుకూ ఇష్టం ఉండదు.

కదలిక అంటే పని జరిగిందని కాదు, ఫైలు తిరగడం మొదలైందని. రోడ్ల విభాగంలో అడిగితే, "అది రోడ్డు కాదు కదండీ, మా లిస్టులో లేదు" అన్నారు. పార్కుల విభాగానికి వెళ్తే, "చెట్లు మావే, కానీ దారి మాది కాదు మేడమ్" అన్నారు. నిజానికి ఎవరూ అబద్ధం చెప్పలేదు. దారి వేయడానికి డబ్బులిచ్చిన పథకంలో దాన్ని తర్వాత ఎవరు చూసుకోవాలో రాయలేదు, అంతే. ఈ పనికి దిగేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఇదే: మీ దారి ఎవరి నిర్వహణ జాబితాలో ఉంది? ఏ జాబితాలోనూ లేకపోతే పొదలు కొట్టించమని అడగడం కంటే దాన్ని జాబితాలో చేర్చమని అడగడం మేలు. ఒకసారి కొట్టించినా వచ్చే వానలకు మళ్లీ మొదటికొస్తుంది.

చివరికి ఒక కాంట్రాక్టరు మనుషులు మిషన్లతో వచ్చారు. చకచకా కొట్టారు, పచ్చదనమంతా నేలకు పడింది. మరుసటి వారమంతా పంక్చర్లే. సర్కారు తుమ్మ కొమ్మల్ని ముక్కలు ముక్కలుగా కొట్టి దారి మీదే వదిలేశారు. ఎండిన తుమ్మ ముల్లు టైరులోంచి ట్యూబులోకి నేరుగా దిగిపోతుంది. "అన్నా, కొమ్మలు ఎత్తరా?" అని అడిగితే, "మాకు కొట్టమనే చెప్పారమ్మా, ఎత్తమని చెప్పలేదు" అన్నాడాయన. తప్పు ఆయనది కాదు. పని ఆర్డరులో కొట్టడం, ఎత్తడం, ఊడ్చడం మూడూ విడివిడిగా రాయాలని నాకు అక్కడే అర్థమైంది.

అప్పుడే కొంతమందిమి కలిసి, రాతపూర్వకంగా అనుమతి అడిగి, చేతి పనిముట్లతో దిగాం. అనుమతి తప్పనిసరి. లేకపోతే మంచి పని చేస్తూ చెట్టు నరికిన కేసులో ఇరుక్కోవచ్చు. మిషన్ జోలికి మేం పోలేదు. బ్రష్ కట్టర్ రాళ్లను ఎగరగొడుతుంది, అది నడిచే చోటికి చుట్టూ 15 మీటర్ల లోపల ఎవరూ ఉండకూడదు. జనం తిరిగే దారిలో అది మాకు కుదిరే పని కాదు.

దిగాక అందరికీ ఆశ్చర్యం కలిగించింది అంచు. దారి ఇరుకైంది పైనున్న కొమ్మల వల్లే అనుకున్నాం. కానీ పోయిన వెడల్పులో చాలా భాగం నేల మీదే ఉంది. రాలిన ఆకులు అంచున కుళ్లి మట్టి అవుతాయి, ఆ మట్టిలో గడ్డి మొలుస్తుంది, దాని వేళ్లు మరింత మట్టిని పట్టి ఉంచుతాయి. అలా ఏటేటా మట్టి తారు మీదకు జరుగుతూ వస్తుంది. పారను దాదాపు పడుకోబెట్టి తారుకు ఆనించి తోస్తే గడ్డీ వేరూ మట్టీ కలిసి చాప చుట్టినట్టు లేచొస్తాయి. కింద తారు నల్లగా, తడిగా, పగుళ్లు లేకుండా ఉంది. ఇంకాస్త చెక్కితే అంచున వేసిన తెల్ల గీత బయటపడింది. అక్కడ అలాంటి గీత ఒకటుందని మాలో చాలామందికి తెలియనే తెలియదు. పొద కొడితే కొన్ని నెలలకే మళ్లీ వస్తుంది గానీ, అంచు చెక్కితే ఆ వెడల్పు చాలాకాలం ఉంటుంది. అయినా ఈ పని ఏ ఆర్డరులోనూ కనబడదు. చెక్కిన మట్టిని అక్కడే గట్టులా వదలొద్దు, వాననీరు దారి మీదే నిలుస్తుంది.

ఇక మొక్కలు. అన్నింటికీ ఒకే మందు పనికిరాదు. సర్కారు తుమ్మను నేలమట్టానికి కొడితే మొద్దు చుట్టూ గుత్తులుగా చిగుళ్లేస్తుంది, ఒక కాండం ఉన్నచోట పది వస్తాయి. నేల కింద, వేరు మొదలయ్యే చోటు దాకా గునపంతో తవ్వి తీయాలి. వయ్యారిభామను పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేరుతో పీకాలి. పూసిందంటే ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. చేతికి తొడుగు, ఒంటికి నిండు చొక్కా ఉండాలి, కొంతమందికి దాన్ని తాకితేనే చర్మం దద్దుర్లెక్కుతుంది. విత్తు పట్టినదాన్ని ఎరువు గుంటలో వేయకూడదు.

సైకిలు తొక్కేవాళ్లకు అసలు శత్రువు మాత్రం పల్లేరు. నేలకు అంటుకుని పాకుతుంది, పసుపు పచ్చ పూలతో ముద్దుగా ఉంటుంది, ఎవరూ దాన్ని అనుమానించరు. కాయ ఎండితే అయిదు ముక్కలవుతుంది. ప్రతి ముక్కకూ ముళ్లు, ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. మిషన్ దాని మీదుగా పోతుందే తప్ప కోయదు, పైగా కాయల్ని దారి పొడవునా వెదజల్లుతుంది. అంత పెద్దగా పరుచుకున్నా మొక్క మొత్తానికి తల్లివేరు ఒక్కటే. మధ్యలో పట్టుకుని వేరు తెంచితే మొత్తం ఒక్కసారే వస్తుంది. కాయలు రాలకుండా నేరుగా గోనెసంచిలో వేయాలి. విత్తనాలు మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి కాబట్టి అదే చోట ప్రతి వానాకాలం చూసుకోవాల్సిందే.

పొద మీద చెయ్యి వేసే ముందు కర్రతో తట్టి చూస్తాం. పాములకు, కందిరీగలకు జాగ్రత్త సరే, పిట్టగూళ్లు కూడా ఉంటాయి. గూట్లో గుడ్లో పిల్లలో ఉంటే ఆ పొదను వదిలేసి ముందుకు పోతాం. పైకొమ్మల్ని కొలిచేది పొడిగా ఉన్నప్పుడు. వానలో ఆకులు తడిసి బరువెక్కితే అవే కొమ్మలు తలకు తగిలేంత కిందికి వంగుతాయి, అందుకే రెండున్నర మీటర్లకు పైన ఇంకో జానెడు వదలాలి. దారి మీదకు వేలాడే కాగితం పూల తీగలు మాత్రం ఇళ్లవాళ్లవి. వాటిని మేం ముట్టుకోం, వెళ్లి తలుపు తడతాం. ఒకావిడ "పూలు రాలేదాకా ఆగండమ్మా" అన్నారు. కాగితం పూలు ఎప్పుడు రాలి అయిపోతాయో ఆ దేవుడికే తెలియాలి. చివరికి ముళ్లున్న కొమ్మల వరకు ఆవిడే కోయించారు.

ఇప్పుడు మా దారి జాబితాకెక్కింది. ఏటా రెండు విడతలు రాయించుకున్నాం: వానలు మొదలైన కొన్ని వారాలకు, వయ్యారిభామ పూయకముందు ఒకటి, వానలు తగ్గాక, పల్లేరు కాయ ఎండకముందు ఇంకోటి. ఎత్తడం, ఊడ్చడం కూడా ఆర్డరులో చేరాయి. అంచు చెక్కడం చేరలేదు, అది ఇంకా మా చేతుల మీదుగానే సాగుతోంది. కాలువ గట్టు వెంట పోయే ముక్క అయితే ఎవరి జాబితాలోనూ లేదు. దాన్ని కూడా కొలిచి, ఫొటోలు జతచేసి రోడ్లు, పార్కులు, కాలువ చూసే మూడు విభాగాలకూ ఒకే ఉత్తరం పంపాం. ఎవరు ఎవరికి రాశారన్నది ఈసారి ముగ్గురికీ తెలిసేలా.