బిగ్ వ్యాలీకి వెళ్తే పట్టాల దగ్గర మొదలుపెట్టండి

కాల్గరీ నుంచో ఎడ్మంటన్ నుంచో కెనడాలోని అల్బర్టా రాష్ట్రంలో ఉన్న బిగ్ వ్యాలీకి వచ్చేవాళ్లలో చాలామంది మెయిన్ స్ట్రీట్‌లో కారు ఆపి, గుట్ట మీది నీలంరంగు చర్చికి ఫోటో తీసుకుని, గంటలో వెనక్కి వెళ్లిపోతారు. నాలుగు వందల మంది కూడా లేని ఊళ్లో ఇంకేముంటుందిలే అనుకుంటారు. 1916లో కట్టిన ఆ చర్చి చూడాల్సిందే, కానీ చివర్లో చూడండి. ఆ ఊరిని పుట్టించింది రైలు. పట్టాల దగ్గర మొదలుపెడితేనే మిగతాదంతా అర్థమవుతుంది.

అల్బర్టా ప్రెయిరీల్లో, అంటే గడ్డి మైదానాల్లో, రైలు ఊళ్లు పది, పదిహేను కిలోమీటర్లకొకటి వచ్చాయి. గుర్రపు బండిలో గోధుమలు తెచ్చిన రైతు వాటిని అమ్ముకుని చీకటి పడకముందే ఇల్లు చేరాలి కదా, ఆ దూరమే లెక్క. బిగ్ వ్యాలీ వాటికంటే పెద్దదవడానికి కారణం వేరే ఉంది. కెనడియన్ నార్తర్న్ కంపెనీ దీన్ని డివిజన్ పాయింట్ చేసింది, అంటే ఇంజనూ సిబ్బందీ మారే చోటన్నమాట. కాజీపేట, గుంతకల్లు రైల్వే కాలనీల్లో పెరిగినవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు.

1912 నాటి స్టేషన్ చూశాక నేరుగా రౌండ్‌హౌస్ శిథిలాలకు నడవండి. నా లెక్కలో ఊరు మొత్తానికీ ముఖ్యమైనది అదే. మన లోకో షెడ్ లాంటిదే, కాకపోతే విసనకర్ర ఆకారంలో ఉంటుంది. మధ్యలో టర్న్‌టేబుల్, దాని మీద ఇంజన్ని తిప్పి ఒక్కో గదిలోకి పంపేవాళ్లు. పైకప్పు లేదు, కాంక్రీటు గోడలే మిగిలాయి. ఇలాంటి షెడ్లలో పట్టాల మధ్య పొడవాటి గోతులుంటాయి. మనిషి ఆ గోతిలో నిలబడి పైనున్న ఇంజన్ని అడుగు నుంచి పరీక్షించేవాడు. ఆవిరి ఇంజన్ని వట్టినే ఆపి వెళ్లిపోవడానికి లేదు. బూడిద తీయాలి, బేరింగులకు నూనె పట్టించాలి, బాయిలర్ కడగాలి. ప్రెయిరీ నీళ్లలో లవణాలు ఎక్కువ కాబట్టి గొట్టాల మీద పెచ్చు కట్టేది. పెచ్చు మందమైతే వేడి నీటికి అందక లోహం కాలిపోతుంది. అందుకే అంతమంది పనివాళ్లు కావాల్సి వచ్చింది. కంపెనీ ప్రభుత్వ రైల్వే అయిన కెనడియన్ నేషనల్‌లో కలిసి, డివిజన్ పని వేరేచోటికి పోయేసరికి వాళ్లూ పోయారు. ఖాళీ స్థలాల మధ్య దూరదూరంగా ఉన్న ఇళ్లకు అర్థం అదే.

తర్వాత పట్టాల పక్కనున్న ధాన్యం ఎలివేటర్ దగ్గరికి రండి, అంటే ధాన్యాన్ని పైకెత్తి నిల్వచేసే ఎత్తైన గిడ్డంగి. ఇలాంటి కొయ్య ఎలివేటర్ల గోడలు నిలువు చెక్కలతో కట్టినవి కావు. 2 అంగుళాల మందపు పలకలను పడుకోబెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి మేకులు కొట్టారు. ధాన్యం పక్కలకు నెట్టే బరువుకు మామూలు గోడ విచ్చుకుపోతుంది మరి. లారీ లోపలికొచ్చి కాటా మీద నిలబడుతుంది, ధాన్యం జల్లెడలోంచి గోతిలోకి పడుతుంది, బెల్టుకు బిగించిన గిన్నెలు దాన్ని పైకి చేరుస్తాయి. లారీని మళ్లీ ఖాళీగా తూస్తారు. ఆఫీసూ ఇంజన్ గదీ విడిగా కట్టింది ధాన్యపు దుమ్ముకు భయపడి. గాలిలో లేచిన దుమ్ముకు ఒక్క నిప్పురవ్వ చాలు, పేలుతుంది. ఒకప్పుడు వేలల్లో ఉన్న ఈ కొయ్య ఎలివేటర్లు ఇప్పుడు అరుదు. 1995లో ధాన్యం రవాణా సబ్సిడీ ఎత్తేశాక చిన్న లైన్లు మూసేయడం, పెద్ద కాంక్రీటు గిడ్డంగులు రావడం ఇంకా జోరందుకున్నాయి.

ఇక ప్రయాణం సంగతి. దగ్గర్లోని స్టెట్లర్ పట్టణం నుంచి 56వ నంబరు హైవే మీద దక్షిణానికి దాదాపు 35 కిలోమీటర్లు. పెట్రోలు స్టెట్లర్‌లోనే నింపుకోండి. వేసవిలో స్టెట్లర్ నుంచి పర్యాటక రైలు వస్తుంది కానీ రోజూ ఉండదు. రైలు వచ్చే రోజున, అది రాకముందే ఊరు చేరండి. దుకాణాలు తెరిచి ఉంటాయి, గుంపు దిగేలోగా తాపీగా చూడొచ్చు. రైల్లోనే రావాలనుకుంటే ముందే టికెట్ కొనాలి. ఆవిరి ఇంజను కొన్ని ట్రిప్పులకే తగిలిస్తారు, మిగతావన్నీ డీజిలే, కాబట్టి తేదీ అడిగి కొనండి. రైలు టికెట్‌తో వచ్చే భోజనం సాధారణంగా బీఫ్ రోస్ట్. తిననివాళ్లు బుకింగ్ రోజునే చెప్పాలి, అక్కడికెళ్లి అడిగితే బంగాళాదుంపలూ రొట్టే మిగులుతాయి. డబ్బాలో పులిహోర పెట్టుకెళ్లడం అన్నిటికన్నా మేలు.

పట్టాల మీద నడవకండి, అది నడుస్తున్న లైను. మే, జూన్ నెలల్లో గడ్డిలో తిరిగితే పిల్లల కాళ్లూ మెడా పరీక్షించండి, టిక్ పురుగులు పట్టుకుంటాయి. కంకర రోడ్డెక్కితే వేగం తగ్గించి ముందు కారుకు బాగా ఎడం ఉంచండి, లేకపోతే రాయి తగిలి అద్దం పగులుతుంది. వాన పడ్డాక మాత్రం మట్టిరోడ్డు జోలికే వద్దు. ఆ బంకమట్టి చక్రాలకు మందంగా అంటుకుని, కారు స్టీరింగ్ మాట వినదు.

సమయం మిగిలితే ఇంకా దక్షిణాన రౌలీ అనే ఊరు ఉంది. వేళ్ల మీద లెక్కపెట్టే జనం, వరసగా ఎలివేటర్లు. నెలలో చివరి శనివారం రాత్రి అక్కడ పిజ్జా అమ్ముతారు, ఆ డబ్బు పాత కట్టడాల మరమ్మతుకే. ఆ రోజుకు మీ ప్రయాణం కుదిరితే చేతిలో నగదు ఉంచుకుని వెళ్లండి.