చిగుళ్ల జబ్బు: గార తీయించాకే పసుపు పని చేసింది

పళ్లు తోముకుని ఉమ్మితే నురుగులో ఎర్రటి చార. కింది ముందుపళ్ల దగ్గర చిగురు ఉబ్బి, నున్నగా మెరుస్తూ, బ్రష్ తగిలితే చాలు నెత్తురొచ్చేది. నొప్పి మాత్రం లేదు. ఈ జబ్బులో మనల్ని ఏమార్చేది అదే, చాలాకాలం నొప్పే ఉండదు.

డెంటిస్ట్ గీతలున్న సన్నటి పుల్లలాంటి పరికరం పెట్టి పంటికీ చిగురుకీ మధ్య లోతు కొలిచారు. 3 మిల్లీమీటర్ల దాకా మామూలే. నాకు చాలా చోట్ల 5 ఉంది, వెనక దవడపంటి దగ్గర 6. ఎక్స్‌రేలో అక్కడ ఎముక తరిగినట్టు కనిపించింది. వాపు చిగురు వరకే ఉంటే పూర్తిగా తగ్గిపోతుందట. ఎముక దాకా వస్తే జబ్బును ఆపగలం కానీ పోయిన ఎముక దానంతట అది తిరిగి రాదు. షుగర్ టెస్ట్ కూడా రాశారు, ఎందుకంటే షుగరుంటే చిగుళ్లు పాడవుతాయి, చిగుళ్లు పాడైతే షుగర్ అదుపు తప్పుతుంది. అదృష్టవశాత్తూ నాకు లేదు.

"సహజమైనవి ఏమైనా వాడొచ్చా మేడమ్?" అని అడిగాను. "వాడండి, కానీ గార తీశాక. పాచి గట్టిపడి రాయిలా అంటుకుంది. ఏం పుక్కిలించినా అది కరగదు, చిగురు లోపలి సందుల్లోకి ఆ నీళ్లు వెళ్లవు కూడా" అన్నారు. ఆ మాట నాకు బాగా పనికొచ్చింది.

మత్తిచ్చి చిగురు కింద పంటి వేళ్ల మీది గార కూడా తీశారు. ఆ తర్వాత కొన్నాళ్లు నోరంతా పచ్చిపుండులా ఉండేది. అప్పుడు హాయినిచ్చింది ఉప్పునీళ్లే. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు, అంతే. కొత్తలో క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ ఇచ్చారు. మంచి మందే కానీ నాలుక రుచి తెలియకుండా పోయింది, ఎక్కువకాలం వాడితే పళ్లకు మరకలు పడతాయి కూడా. ఆ కోర్సయ్యాక ఆవిడ్ని అడిగి పసుపు జెల్‌కి మారాను. పసుపులోని కర్క్యుమిన్ వాపు తగ్గిస్తుంది. స్కేలింగ్‌తో, అంటే గార తీయడంతో పాటు వాడితే చిగుళ్ల వాపు తగ్గుతోందని చాలా పరిశోధనల్లో తేలింది.

లవంగ నూనె జోలికి పోలేదు. అందులోని యూజెనాల్ మొద్దుబారేలా చేస్తుంది కాబట్టి నొప్పి తెలియదు, లోపల జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. పైగా నేరుగా రాస్తే చిగురు కాలుతుంది. ఉప్పు గరుకుతో రుద్దడం, నిమ్మరసం, బొగ్గుపొడి, ఇవి అస్సలు వద్దు. సహజమైనవే అయినా రుద్ది రుద్ది పంటి గట్టి పైపొర ఎనామిల్‌ని అరగదీస్తాయి, నిమ్మరసమైతే యాసిడ్‌తో తినేస్తుంది. అరిగిన ఎనామిల్ మళ్లీ రాదు.

నిజం చెప్పాలంటే వీటన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది పళ్ల సందుల్లో దూర్చే చిన్న బ్రష్. మొదట్లో అది బయటికొచ్చినప్పుడల్లా ఎర్రగా ఉండేది. వాసన చూస్తే జబ్బెక్కడుందో తెలిసిపోయేది. రానురాను తెల్లగా రావడం మొదలైంది.

మళ్లీ కొలిస్తే చాలా చోట్ల 3కి దిగింది. వాపు పోవడంతో చిగురు కిందికి జారి, పళ్ల మధ్య సందులు కనబడుతున్నాయి, చల్లటివి జివ్వుమంటున్నాయి. ఇది మామూలేనన్నారు. వెనక దవడపన్ను ఇంకా 5 దగ్గరే ఉంది. రాత్రిపూట ముందు దాన్నే శుభ్రం చేసి, జెల్ రాసి పడుకుంటున్నాను. మూడు నెలలకోసారి చూపించుకోమన్నారు. అప్పటికీ తగ్గకపోతే చిగురు తెరిచి శుభ్రం చేయాలట, అందుకూ సరేనన్నాను.