రౌడీషీట్ మూయించుకోవడానికి నేను పడ్డ తిప్పలు

కర్నూలు వినాయక ఘాట్ దగ్గర నిమజ్జనం రోజు జరిగిన కొట్లాటలో నా మీద కేసు పెట్టారు. నా మీదున్నది అదొక్కటే. కోర్టు దాన్ని కొట్టేసింది. కానీ ఆ కేసు పేరు చెప్పి స్టేషన్‌లో తెరిచిన రౌడీషీట్ మాత్రం అలాగే ఉండిపోయింది.

పండగొచ్చినా, ఎన్నికలొచ్చినా పిలుపు తప్పదు. ఆదివారం పోయి సంతకం పెట్టాలి. రాత్రి కానిస్టేబుల్ వచ్చి టార్చి వేసి, "ఏమప్పా, ఇంట్లోనే ఉండావా?" అని ఫోన్లో ఫొటో తీసుకుని పోయేవాడు. వెనక మంచం మీద పడుకున్న మా అమ్మ, పరీక్షలకు చదువుకుంటున్న నా కూతురు కూడా ఆ ఫొటోలో పడేవాళ్ళు. వాళ్ళ మీద ఏ షీటూ లేదు కదా!

మా లాయర్ సారు అప్పుడు ఖడక్ సింగ్ కేసు చెప్పాడు. ఉత్తరప్రదేశ్‌లో 1941లో దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేసిన మనిషి ఆయన. అయినా షీట్ తెరిచి అర్ధరాత్రి తలుపు కొట్టేవాళ్ళు. ఆ రాత్రి రాకలు చెల్లవని 1962లో సుప్రీంకోర్టు చెప్పింది. మిగతా నిఘాను మాత్రం ఒప్పుకుంది, గోప్యత రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదంది. అది స్వేచ్ఛలో భాగమేనని విడిగా తీర్పు రాసిన జడ్జి మన కోకా సుబ్బారావు. కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు గుంటూరులో పెట్టిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. ఆయన మాట నెగ్గింది 2017 ఆగస్టులో, సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల తీర్పుతో. ఇది విన్నాక నాకు ధైర్యం వచ్చింది.

పోలీసులు ఎవరి మీదా కన్నేయకూడదని ఆ తీర్పు అనలేదు. ఫ్యాక్షన్ చూసిన సీమవాణ్ణి, నేనూ అనను. కానీ దానికి చట్టం ఉండాలి, సరైన కారణం ఉండాలి, అవసరానికి మించి పోకూడదు.

పోలీస్ స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం, అంటే పోలీసు శాఖ సొంత నియమాల ప్రకారం, షీట్ తెరిచిన ఏడాది డిసెంబర్ ఆఖరు దాకానే. ఆపైన కొనసాగించాలంటే పై అధికారి ఉత్తర్వు ఉండాలి. అందుకని సమాచార హక్కు కింద పది రూపాయల స్టాంపు అంటించి అడిగాను: షీట్ ఎప్పుడు తెరిచారు, ఎవరి ఉత్తర్వుతో, పొడిగింపుల నకళ్ళు ఏవి? రహస్యమని తిప్పి పంపారు. అప్పీలుకు పోతే ఇచ్చారు. చూస్తే ఏటా ఒకటే వాక్యం: "కదలికలపై నిఘా అవసరం." కొన్నేళ్ళకైతే ఉత్తర్వే లేదు. అంటే ఏ కాగితమూ లేకుండానే నన్ను ఆదివారాలు కూర్చోబెట్టారు! కేసు పెట్టినప్పుడు కూడా ఇంత కడుపు మండలేదు.

కోర్టు తీర్పు సర్టిఫైడ్ కాపీ, ఈ నకళ్ళు జతచేసి సోమవారం గ్రీవెన్స్‌లో ఎస్పీ ఆఫీసులో అర్జీ ఇచ్చాను. కదలిక లేదు. హైకోర్టులో రిట్ వేశాం. అర్జీ మీద నిర్ణయం తీసుకోమని ఉత్తర్వు వచ్చింది, డీఎస్పీ విచారించి షీట్ మూసేశారు. ఇలాంటి ఇబ్బందిలో ఉన్నవాళ్ళకు ఒకటే చెప్తాను: మూసేశామని నోటితో చెబితే నమ్మి రావద్దు, ఆ కాగితం నకలు తీసుకోండి. ఎస్ఐ బదిలీ అయితే కొత్తాయనకు పాత మాట తెలీదు.

ఇక ఆ ఫొటోలు. ఎవరి ఫోన్లలో ఉన్నాయి, తీసేశారా లేదా అని మొన్న ఇంకో దరఖాస్తు పెట్టాను. జవాబు రాకపోతే దాని మీదా అప్పీలుకు పోతాను.